లెక్కకందని తొమ్మిది యూనిట్లు

"అయితే ఈ ఇంట్లో దొంగ ఎవరు?"

మామగారు కపర్‌బెక్ ఆ మాట అరిచి అనలేదు. అరిచినా బాగుండేది! టీ గిన్నె కింద పెట్టి, ముందు భార్య వైపు, తరువాత కొడుకు వైపు, చివరికి కోడలి వైపు చూసి నెమ్మదిగా అడిగారు. ఆ చూపు కోడలి దగ్గరే ఆగిపోయింది. టీ పోస్తున్న బెర్మెట్ గిన్నె వైపు చూడటం మరిచిపోవడంతో నాలుగు చుక్కలు రొట్టెల మీద పడ్డాయి. ఆరేళ్ళ కాపురంలో ఆయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు... ఇవాళ ఒక్క చూపుతో అన్నీ అనేశారు!

గొడవంతా ఒక కాగితంతో మొదలైంది. కొచ్కోర్ పట్నం దాటి కొండల పైకి వెళ్తే వచ్చే ఆ ఊళ్ళో, ఈ చలికాలం కరెంటు పూటకోసారి పోతోంది. విసిగిపోయిన కపర్‌బెక్ రెండు ఎడ్లను అమ్మేసి, కప్పు మీద సోలార్ పలకలు వేయించాలనుకున్నారు. వారం కిందట వచ్చిన సోలార్ మేస్త్రీ బోలోట్, "ఎంత పెద్దది కావాలని నన్నడక్కండి పెద్దాయనా. ఇంట్లో ఏమేం ఉన్నాయో, ఏది రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో రాసి ఉంచండి. చిన్నది పెడితే చీకట్లో కూర్చుని నన్ను తిడతారు. పెద్దది పెడితే డబ్బు తగలేశానని తిడతారు. ఎటూ తిట్లు నాకే!" అని నవ్వి వెళ్ళాడు. రాసే పని కోడలి మీద పడింది. బడిలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే బెర్మెట్ కంటే ఎవరు బాగా రాస్తారు? ఫ్రిజ్, బల్బులు, నీళ్ళ మోటారు, బట్టల మిషను, పాల మీగడ తీసే మిషను, టీవీ, ఇస్త్రీపెట్టె... వారం రోజులు గడియారం చూసి మరీ రాసింది. రోజుకు ఏడు యూనిట్లు తేలాయి.

బోలోట్ ఇవాళ ఆ కాగితం చూసి మెచ్చుకున్నాడు. మూడు కిలోవాట్లు చాలు, ఆరు పలకలు, దక్షిణం వైపు కప్పు మీద సరిగ్గా పడతాయన్నాడు. అంతటితో లేచి వెళ్ళిపోయి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు! పోతూ పోతూ మీటరు చూశాడు. వారం కిందట రాసుకున్న అంకె తీసి పోల్చాడు. నుదురు చిట్లించాడు. ఇల్లు తాగుతున్నది రోజుకు పదహారు యూనిట్లు. కాగితంలో ఉన్నవి ఏడు. మిగతా తొమ్మిది ఎక్కడికి పోతున్నట్టు?

"పదహారంటే మూడు కిలోవాట్లు ఏ మూలకీ రావు పెద్దాయనా" అన్నాడు బోలోట్ ఇబ్బందిగా. "పధ్నాలుగు పలకలు కావాలి. మీ కప్పు చాలదు. కొట్టం కప్పు విప్పి కొత్తగా కట్టాలి."

"అంటే ఇక గుర్రాన్ని కూడా అమ్మాలన్నమాట!" అన్నారు కపర్‌బెక్. గుర్రం లేకుండా బతకడం ఆయన వంశంలో లేదు. "కాగితమైనా అబద్ధమాడాలి, మీటరైనా అబద్ధమాడాలి. మీటరుకు నోరు లేదు."

అప్పుడు... అప్పుడు నోరు విప్పింది అత్తగారు జూరా! కోడలి ముఖం చూడకుండా, రొట్టె ముక్క చిన్న చిన్న ముక్కలుగా తుంపుతూ అంది.

"అమ్మాయి తన గదిలో హీటరు వేసుకుంటోందేమోలెండి... పిల్లల పుస్తకాలు దిద్దుకునేటప్పుడు చలిగా ఉంటుంది కదా..."

బెర్మెట్ నిర్ఘాంతపోయింది. అత్తగారేనా ఈ మాట అంటున్నది? పిల్లలు లేరని ఊరంతా చెవులు కొరుక్కుంటున్నా, "నా కోడలి జోలికొస్తే ఊరుకోను" అని పోట్లాడిన అత్తగారేనా!

"నేను హీటరు ముట్టుకోలేదు మామయ్యా! అది సామాన్ల గదిలోనే ఉంది... కావాలంటే తెచ్చి చూపిస్తాను!"

పరుగున వెళ్ళింది. సామాన్ల గదిలో, మూలన, హీటరు ఉండాల్సిన చోట దుమ్ములో నలుచదరపు గుర్తు మాత్రం ఉంది. హీటరు లేదు! గోనెలు కదిపింది, నేతిడబ్బాలు జరిపింది... లేదు. ఉత్తచేతులతో తిరిగి వచ్చిన కోడలిని చూసి కపర్‌బెక్ గట్టిగా ఊపిరి వదిలారు.

"శుక్రవారం మేస్త్రీ మళ్ళీ వస్తాడు. ఆ తొమ్మిది ఎక్కడ పోతున్నాయో ఈలోగా తేలాలి. తేలకపోతే, అబద్ధం రాసిన చెయ్యి నా ఇంట్లో టీ పోయక్కర్లేదు. ఒరే తాలాయ్, నువ్వే తీసుకెళ్ళి పుట్టింట్లో దింపి రా."

ఎంత మాట! బెర్మెట్ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. మొగుడైనా ఒక్క మాట అడ్డు చెబుతాడేమోనని చూసింది. తాలాయ్ తల వంచుకుని మేజోడు పైకి లాక్కుంటున్నాడు.

బోలోట్‌కు జాలి వేసినట్టుంది. గేటు దాకా సాగనంపిన బెర్మెట్‌తో మెల్లగా అన్నాడు. "ఏడవకమ్మా. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడు. మీటరు మీద ఎర్ర దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది చూశావా? ఏ ఫ్యూజు తీస్తే అది ఆగుతుందో, దొంగ అక్కడున్నట్టు."

భర్త కారు దగ్గర కనిపించాడు. ఉండబట్టలేక అడిగేసింది.

"మీరైనా నన్ను నమ్ముతున్నారా?"

"నమ్మకేం..." అని ఆగాడు తాలాయ్. "మరి హీటరు ఏమైనట్టు?"

ఆ 'మరి' చాలదూ, ఆడదాని గుండె పగలడానికి! బెర్మెట్ బంగాళాదుంపల మూట దింపడానికి కారు వెనక తలుపు ఎత్తింది. మూట పక్కన సంచిలో రెండు డబ్బాలున్నాయి. పసిపిల్లల పాలపొడి! డబ్బా మీద బోసినవ్వుల పాప బొమ్మ.

"ఇవి ఎవరికి?"

"అమ్మ తెమ్మంది. దూడకట."

"దూడకా!"

"ఏమో మరి. అమ్మ తెమ్మంది, తెచ్చాను. ఎందుకని నేనడగలేదు."

సంచి తీసుకుని చరచరా లోపలికి వెళ్ళిపోయాడు. బెర్మెట్ అక్కడే నిలబడిపోయింది. కొట్టంలో ఆవు రెండు పూటలా బిందె నిండా పాలిస్తోంది. దూడ తాగి తాగి పొట్ట పగిలేట్టుంది. ఆ దూడకు డబ్బా పాలా? చెవిలో పువ్వు పెడితే పెట్టారుగానీ, కాస్త వాసనొచ్చే పువ్వైనా పెట్టకూడదూ! పసిబిడ్డ... ఎక్కడో ఒక పసిబిడ్డ ఉంది. ఈ ఆలోచన వచ్చిందో లేదో, రెండు రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. భర్త ఆలస్యంగా వస్తే అనుమానం, తొందరగా వస్తే అనుమానం. నిలదీసి అడగొచ్చు కదా అంటారా? అడిగితే అవునని అనేస్తాడేమోనని భయం! ఆ భయం తెలిసిన ఆడవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు.

గురువారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అత్తా మామా కింది ఊళ్ళో ఎవరో పోతే పలకరింపుకు వెళ్ళారు. తాలాయ్ సరుకు తేవడానికి పట్నం వెళ్ళాడు. బెర్మెట్ గేటు గడియ పెట్టి, కొట్టాన్ని ఆనుకున్న వసారాలో మీటరు ముందు నిలబడింది. ఎర్ర దీపం ఆదరాబాదరాగా కొట్టుకుంటోంది. వంటింటి ఫ్యూజు తీసింది... కొట్టుకుంటూనే ఉంది. గదులది తీసింది... మోటారుది తీసింది... ఆగలేదు. చివరిది కొట్టం ఫ్యూజు. కొట్టంలో ఉన్నది ఒక్క బల్బు, అదీ పగలు వెలగదు. తీసింది.

దీపం ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలోనే కొట్టం వెనక గోడ అవతలి నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "అయ్యో దేవుడా! పోయింది!" వెంటనే పసిబిడ్డ ఏడుపు... ఏడుపంటే ఏడుపు కూడా కాదు, సన్నగా, ఓపిక లేని మూలుగు.

ఫ్యూజు గుప్పిట్లో పట్టుకునే బెర్మెట్ కొట్టంలోకి పరుగెత్తింది. గడ్డిమోపు లాగింది. దాని వెనక నల్లటి వైరు! బల్బు తీగ నుంచి చీలి, గోడ పగులులోంచి అవతలికి పోయింది. ఆ గడ్డి పేర్చేది ఎవరు? తాలాయ్ కాదూ! పగులుకు కన్ను ఆనించి చూసింది. అవతలిది ఇషెన్ ఇల్లు. పదకొండేళ్ళ కిందట, ఆమె ఈ ఇంటి కోడలు కాకమునుపే, కాలవ నీళ్ళ వంతు దగ్గర మామగారికీ ఇషెన్‌కీ మాటా మాటా పెరిగింది. అప్పటి నుంచి ఈ ఇంట్లో ఆ పేరెత్తకూడదు, ఆ గేటు దాటకూడదు. మొన్న శరదృతువులో ఇషెన్ పోతే మామగారు చావుకైనా వెళ్ళలేదు. ఇల్లు ఖాళీ అయిందనీ, కరెంటోళ్ళు లైను కోసేశారనీ అందరికీ తెలుసు. కానీ ఇప్పుడా కిటికీ వెనక ఇషెన్ కూతురు నాజిక్ ఉంది! పట్నంలో కాపురం చేస్తోందనుకున్న నాజిక్... పాలిపోయినా ఎంత అందంగా ఉంది! కోటు గుండీలు విప్పి, గుప్పెడంత బిడ్డను రొమ్ముకు అదుముకుని ఊగిపోతోంది. "వచ్చేస్తుంది నాన్నా, ఇప్పుడే వచ్చేస్తుంది..." పక్కన, ఆరిపోయిన హీటరు. తమ హీటరే! కిటికీలో రెండు డబ్బాలు. ఆ పాప బొమ్మ, ఆ బోసినవ్వు... అవే!

ఇంకా ఏం తేలాలి? ఆరేళ్ళుగా తన ఒడి ఖాళీ. గోడ అవతల ఇంకొకతె ఒడి నిండింది. ఆ ఒడి వెచ్చగా ఉండటానికి తన ఇంటి కరెంటు. ఆ నింద తన నెత్తిన! బెర్మెట్ గోడకు ఆనుకుని కూలబడింది. గుప్పిట్లో ఫ్యూజు. ఇది ఇలాగే జేబులో వేసుకుని వెళ్ళిపోతే... రేపు శుక్రవారం మీటరు సరిపోతుంది. ఏడంటే ఏడే! కాగితం నిజమవుతుంది, తన పరువు నిలుస్తుంది. ఎవరూ ఒక్క మాట అనరు. తీసింది తనని ఎవరికి తెలుసు?

బిడ్డ మళ్ళీ మూలిగింది. ఈసారి ఇంకా సన్నగా...

బెర్మెట్ లేచింది. ఏడుస్తూనే పరుగెత్తింది. కళ్ళు కనిపించక రెండుసార్లు తప్పు రంధ్రంలో పెట్టి, మూడోసారి ఫ్యూజు నొక్కింది. ఎర్ర దీపం మళ్ళీ కొట్టుకోసాగింది. ఎవరి బిడ్డ అయితేనేం... పాపం, దానికేం తెలుసు!

శుక్రవారం అందరూ మళ్ళీ నేల మీద పరిచిన భోజనాల దుప్పటి చుట్టూ కూర్చున్నారు. బెర్మెట్ బట్టలు సర్దిన సంచి తలుపు పక్కనే ఉంది. అత్తగారు దాన్ని చూసి చూడనట్టు తల తిప్పుకుంది. కపర్‌బెక్ అడిగారు.

"తేలిందా?"

బోలోట్ గొంతు సవరించుకున్నాడు. "నన్నడిగితే అరగంట పని పెద్దాయనా. ఫ్యూజులు తీసి చూద్దాం. ఏదో వైరు ఎటో పోయి ఉంటుంది."

"వైరా!" కపర్‌బెక్ లేచి నిలబడ్డారు. "దొరకనీ. ఆ వైరు నా చేతులతో పీకి కుక్కలకు వేస్తాను. పద!"

అత్తగారి ముఖం సున్నం కొట్టినట్టయింది. కానీ ఆమె కంటే ముందు బెర్మెట్ కదిలింది. ఆరేళ్ళలో మామగారి ఎదుట గొంతెత్తని పిల్ల, గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది!

"వద్దు మామయ్యా! తియ్యొద్దు... ఆ వైరు నేనే వేశాను! హీటరూ నేనే ఇచ్చాను! కాగితంలో కావాలనే రాయలేదు. నన్ను పంపేయండి, సంచి సర్దుకునే ఉన్నాను. కానీ వైరు మాత్రం మంచు కరిగేదాకా ముట్టుకోకండి... మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"నువ్వా! ఎవరికి ఇచ్చావు?" తాలాయ్ తెల్లబోయాడు.

"ఎవరికో మీకు తెలియదా!" అంది బెర్మెట్. మూడు రోజుల విషమంతా ఆ ఒక్క మాటలో కక్కేసింది. తాలాయ్ ఏమీ అర్థంకాక నోరు తెరుచుకుని చూశాడు.

"అబద్ధం!"

ఆ కేక జూరాది. టీ గిన్నె దొర్లిపోయింది. ఆమె మోకాళ్ళ మీద లేచి, తల మీద గుడ్డ జారిపోతున్నా సర్దుకోకుండా ఏడ్చేసింది. "అబద్ధమాడుతోంది! ఈ పిచ్చితల్లి నా పాపం నెత్తినేసుకుంటోంది! పై ఊరి కరెంటు పనివాడి చేత వైరు వేయించింది నేను. హీటరు గడ్డిలో దాచి మోసింది నేను. నిందేసిందీ నేనే! ఇషెన్ కూతురు నాజిక్ వచ్చిందండీ... మొగుడు వదిలేశాడు, ఏడో నెలకే కానుపైంది. లైను లేదు, బొగ్గు లేదు, తల్లి లేదు..."

"ఇషెన్ ఇంటికా?!" కపర్‌బెక్ గర్జించారు. "నా కరెంటు ఇషెన్ ఇంటికా!"

"అవును, ఇషెన్ ఇంటికే!" జూరా వెనక్కి తగ్గలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె అలా ఎదురు నిలబడటం ఎవరూ చూడలేదు. "మీ కొడుకు కూడా ఏడో నెలకే పుట్టాడు, మరిచిపోయారా? నా రొమ్ములో చుక్క పాలు లేవు. నాజిక్ తల్లి అనీపా, తన పెద్దబిడ్డను పక్కకు జరిపి వీడిని రొమ్ముకు అదుముకుంది. ఒకరోజు కాదు, ఆర్నెల్లు! ఆ పాలకు ఏ మీటరు పెట్టి కొలిచారు మీరు? వీడికి నాజిక్ పాలచెల్లెలు! మీరు నీళ్ళ వంతు అని గొడ్డలెత్తారే, ఆ ఇంటి పాలే వీడి ఒంట్లో ఉన్నాయి!"

పాలచెల్లెలు! ఆ మాట వినగానే బెర్మెట్ గుమ్మానికి అడ్డంగా చాపిన చేతులు దించేసింది. ఆ కొండల్లో ఒక రొమ్ము తాగిన వాళ్ళు తోబుట్టువులే. పెళ్ళి మాట అటుంచి, మనసులో అలాంటి ఊహ రావడమే మహాపాపం. ఆ ఇంటి పేరే ఎత్తకూడదన్న ఇంట్లో ఆ సంగతి కోడలికి ఎవరు చెబుతారు? తాలాయ్ మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఆమె ఏమనుకుందో అతనికి ఇప్పుడు అర్థమైంది.

"నాజిక్‌తో... నేనా?" అన్నాడు. "అలా అనుకుని కూడా... ఆ బిడ్డ కోసం నింద మోశావా బెర్మెట్?"

బెర్మెట్ సిగ్గుతో తల వంచుకుంది.

కపర్‌బెక్ టోపీ తీసుకుని బయటికి నడిచారు. జూరా "ఏమండీ... వైరు పీకకండి, బిడ్డ చచ్చిపోతుంది!" అంటూ వెనకే పరుగెత్తింది. ఆయన కొట్టం వైపు వెళ్ళలేదు. గోడ దగ్గర నిలబడి, ఇషెన్ ఇంటి కప్పు వైపు చాలాసేపు చూశారు. పదకొండేళ్ళుగా ఆ వైపు కన్నెత్తని మనిషి! తిరిగొచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేస్త్రీ, కాగితం తియ్యి. ఆ ఇల్లు కూడా కలిపి చెప్పు. గుర్రాన్నమ్మాలంటే అమ్ముతాను."

"గుర్రం జోలికెళ్ళకండి పెద్దాయనా" అన్నాడు బోలోట్ కళ్ళు తుడుచుకుంటూ. "హీటరు నాలుగు వారాల ముచ్చట. దాని కోసం పలకలు కట్టకూడదు. దానికి లైను కరెంటే వాడండి, చలి తగ్గితే అదే పోతుంది. ఏడాది పొడవునా ఉండే బల్బులూ, చిన్న ఫ్రిజ్జూ, నీళ్ళు కాచుకునే కెటిలూ లెక్కేస్తే... రోజుకు మూడు యూనిట్లు. ఏడూ మూడూ పది. తొమ్మిది పలకలు."

"మా కప్పు మీద ఆరే పడతాయన్నావు."

"ఆరే పడతాయి."

"మిగతా మూడూ ఇషెన్ కప్పు మీద వెయ్యి. నిచ్చెన నేనే మోసుకెళ్తాను" అని కపర్‌బెక్ కోడలి వైపు తిరిగారు. "అమ్మా, కొత్త కాగితం నువ్వే రాయి. నీ కాగితం అబద్ధమాడలేదు. నేనే మీటరును నమ్మి మనిషిని నమ్మలేదు."

అందరూ అటు వెళ్ళాక అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. బెర్మెట్ మనసులో ముల్లు ఇంకా ఉంది.

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా? నేనూ మోసేదాన్ని కదా హీటరు. నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని కదా ఆ బిడ్డ దగ్గర..."

జూరా నేల చూస్తూ చెప్పింది. "నలభై రోజులు నిండని బిడ్డ మీద... పిల్లల్లేని దాని నీడ పడకూడదంటారే తల్లీ. అందుకే చెప్పలేదు. నిన్ను నమ్మలేదు నేను... ఆ మాట నమ్మాను. అది హీటరు నింద కంటే పెద్ద పాపం, నాకు తెలుసు."

ఇంటి నుంచి పొమ్మన్నప్పుడు కూడా బెర్మెట్‌కు అంత నొప్పి కలగలేదు. ఆరేళ్ళు వెనకేసుకొచ్చిన చెయ్యే, గోడ అవతల తలుపు మూసి పట్టుకుందా! కన్నీళ్ళు కూడా రాలేదు. తలుపు పక్కన ఉన్న సంచి వైపు ఒకసారి చూసింది... కానీ జూరా ఆమె చెయ్యి పట్టుకుని, వదలకుండా, గేటు దాటించి, ఇషెన్ ఇంటి ముందుకు తీసుకెళ్ళింది. గుమ్మంలో బెర్మెట్ కాలు ఆగిపోయింది.

"ఇంకా నలభై నిండలేదు కదా" అంది.

"పదమూడు రోజులున్నాయి" అంది జూరా. "ఉంటే ఉండనీ."

లోపలి నుంచి నాజిక్ బిడ్డతో వచ్చింది. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, బెర్మెట్ దగ్గరే ఆగింది.

"వదినా... నిన్న కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. మీ ఇంట్లో అందరూ బయటికెళ్ళారని పెద్దమ్మ చెప్పింది, నువ్వొక్కదానివే ఉండి ఉంటావు. తీసింది నువ్వేనా?"

బెర్మెట్ తల ఊపింది.

"మళ్ళీ పెట్టిందీ నువ్వే కదా" అంది నాజిక్, బిడ్డను ఆమె చేతుల్లో పెట్టేసింది.

ఆ బిడ్డ బరువు తెలియనంత తేలిగ్గా ఉంది. వేలు అందిస్తే వేలు పట్టుకుంది. జూరా గుమ్మంలోనే కూలబడి తలగుడ్డతో ముఖం కప్పుకుంది.

"నన్ను క్షమించానని అనవే తల్లీ... ఒక్కసారి అను..."

బెర్మెట్ బిడ్డను గుండెలకు హత్తుకుంది.

"ఇవాళే అనలేను అత్తయ్యా. లోపలికొచ్చి ఆ తలుపు వెయ్యండి. బిడ్డకు గాలి తగులుతోంది."